ఇరవై ఏడో నంబరు గేటు

రైలుకి ఎత్తులంటే భయం.
అందుకే ఈ దారి వేసినవాళ్లు
కొండ అడ్డొచ్చిన చోటల్లా దాన్ని బతిమాలి
పక్కకి తిరిగారు,
లోయ వచ్చిన చోట మట్టిపోసి గట్టు కట్టారు.
ఇప్పుడు పట్టాలు లేవు.
రైలు భయం ఒక్కటే మిగిలి
సైకిలు తొక్కేవాళ్లకి ఆస్తిగా వచ్చింది.
కడుపులో చల్ల కదలకుండా
బర్గండీ కొండల్ని దాటేయొచ్చు.

ముందు సీట్లో సొలాంజ్, వెనక సీట్లో గాస్పార్.
ఇద్దరికీ కలిపి నూట ముప్పై తొమ్మిదేళ్లు,
నాలుగు పెడళ్లు, రెండు కళ్లు.
ఆ రెండూ చెల్లెలివే.

"ఏం కనిపిస్తోంది?"
"ఆవులు."
"ఆవులని నాకూ తెలుసు, ముక్కుందిగా. ఎన్ని?"
"పదకొండు."
ఎప్పుడూ లెక్కపెట్టదు. ఎప్పుడూ పదకొండే.
తెల్లటి ఆవులు, మూపురాల్లేనివి.
వాటికి పెట్టాల్సిన మూపురాలన్నీ
ఎవరో తెచ్చి వెనకాలే మర్చిపోయినట్టు
పచ్చగా, ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తూ కొండలు.

ద్రాక్ష కోత అయిపోయింది.
తీగకి ఒక కత్తెర వేలాడుతోంది,
ఏ కూలీ మర్చిపోయిందో.
అది సొలాంజ్ చెప్పలేదు.
చూసిందల్లా చెబుతూ పోతే
తొక్కడానికి ఊపిరి చాలదు.

స్కేట్ల మీద ఒక పిల్ల ఎదురొచ్చి
"బొంజూర్" విసిరేసి పోయింది.
ఆ తర్వాత మళ్లీ గొలుసు చప్పుడు,
ఎండుటాకు మీద టైరు,
అంతే.
ముప్పై నాలుగేళ్లు లారీ తోలిన చెవులవి.
"ఇంత నిశ్శబ్దమైతే
ఇంజను చచ్చిందేమోనని
కాలు క్లచ్ కోసం వెతుక్కుంటుందే" అంటాడు గాస్పార్.

సొరంగం.
చలికాలమంతా గబ్బిలాల నిద్ర కోసం
దీనికి తాళం వేస్తారు. ఇంకా మూడు వారాలుంది.
లోపల దీపం వెలగలేదు,
బ్యాటరీ అయిపోయినట్టుంది.
"ఇప్పుడు నువ్వు చెప్పు" అంది సొలాంజ్.
"ఎడమవైపు గోడ చెమ్మ. కొంచెం కుడికి రా.
ఇక్కడే, నీ మోకాళ్లు తేలికయ్యాయి చూడు,
ఇక దారంతా దిగుడే."
నిజమే.
చివర్న చిల్లుకాసంత వెలుతురు
పళ్లెమంత అయ్యి, ఇంటి గుమ్మమంత అయ్యి
వాళ్లని బయటికి వదిలింది.

అక్కడే ఆ ఇల్లు. నీలం పలక, ఇరవై ఏడు.
అమ్మ లియోంటీన్ ఈ గేటుకి కాపలా.
రోజుకి ఆరుసార్లు ఇనుప చక్రం తిప్పి
రోడ్డుని ఆపేది, రైలుని పోనిచ్చేది.
తర్వాత క్వారీ రాయి వ్యాగన్లు దిగి లారీలెక్కింది.
మొదటి లారీ మీద, ఇరవై రెండేళ్ల గాస్పార్.
ఇంటి ముందుకొచ్చి గర్వంగా హారన్ కొట్టాడు.
అమ్మ గేటు దించింది.
రైలొచ్చింది, రెండే పెట్టెలు, రెండూ ఖాళీ.
వెళ్లిపోయింది.
గేటు లేవలేదు.
చక్రం మీద చెయ్యేసి
పదకొండు నిమిషాలు
కొడుకుని కళ్లలోకి చూస్తూ నిలబడింది.
కిటికీలో, గడియారం కింద, సొలాంజ్.

ఇప్పుడా ఇంట్లో జోరిస్ అనే డచ్చి కుర్రాడు
నిమ్మరసమూ, ట్యూబులకి అతుకులూ అమ్ముతాడు.
చక్రానికి నీలిరంగేసి
జెరేనియం కుండీలు కట్టాడు.
గాస్పార్ చేత్తో తడిమాడు.
ఒక పువ్వు రాలింది.
"ఇది దేనికి వాడేవారో తెలుసా మీకు?"
ఆశగా అడిగాడు కుర్రాడు.
"నీళ్లు తోడడానికి" అన్నాడు గాస్పార్.
సొలాంజ్ చిల్లర లెక్కపెడుతూ
తల ఎత్తలేదు.

మళ్లీ దారి.
దిగుడే అయినా
వెనక సీటు గట్టిగా తొక్కుతోంది.
ముందు సీటుకి అలాంటివి దాగవు.
చాలాసేపటికి,
"ఆవులున్నాయా?"
ఈసారి వేగం తగ్గించి
కంచె వెంట ఒక్కొక్కటే చూసింది.
"ఏడు."
"మిగతావి?"
"ఏమో, కొండవతల ఉండొచ్చు" అంది.
సరే అన్నట్టు
పెడల్ ఒక్క క్షణం ఆగి
మళ్లీ తిరిగింది.